చీరల కేటలాగ్ ప్రింట్‌లో రంగులు చచ్చిపోతున్నాయి, ఏం చేయాలి?

మగ్గం_వారిల్లు
అందరికీ నమస్తే అండి. మాది మంగళగిరి, మావయ్యగారి కాలం నుంచి చీరల వ్యాపారం. సొంత మగ్గాలు కొన్ని ఉన్నాయి, మిగతావి బయట నేయిస్తాం. ఇన్నాళ్లూ వాట్సాప్‌లో ఫోటోలు పెట్టే అమ్ముతున్నాం కానీ హైదరాబాద్, బెంగళూరు బొటిక్‌ల వాళ్లు కేటలాగ్ ఉందా అని అడుగుతున్నారు, అందుకని ఏ4 సైజులో 500 కాపీలు వేయిద్దామని మా ఆడపడుచు కూతురితో కాన్వాలో డిజైన్ చేయిస్తున్నాం. తీరా ప్రూఫ్ (అచ్చుకి ముందు చూసుకునే నమూనా కాపీ) తీయిస్తే రాణీ కలర్ చీర ఎండలో వెలిసినట్టుంది, చిలకాకుపచ్చ కాస్తా పాచి రంగులోకి దిగిపోయింది, నిజాం అంచు జరీ అయితే ఉత్త గోధుమ రంగు గీత. ప్రెస్ ఆయన్ని అడిగితే "ఫోటోలే అంతమ్మా" అంటున్నాడు, ఫోన్లో చూస్తేనేమో బ్రహ్మాండంగా ఉన్నాయి! ఫోటోలు మళ్లీ తీయించాలా? పైగా మాకు 26 పేజీలు వచ్చాయి, ఆయన 24 అయినా చేయండి 28 అయినా చేయండి అంటాడు, ఎందుకో అర్థం కాలేదు. రేట్లు వేయాలా వద్దా అనేది ఇంట్లో రోజూ గొడవే.

ఇంకు_చేతులు
విజయవాడలో ఆఫ్‌సెట్ ప్రెస్‌లో పని చేస్తానండి. ముందు పేజీల సంగతి చెప్తా, అది తేలిక. సెంటర్ పిన్ కొట్టే పుస్తకంలో ఒక కాగితం మధ్యకి మడిస్తే నాలుగు పేజీలు, అందుకే ఎప్పుడూ నాలుగు లెక్కలోనే పోవాలి. కవర్ కాక లోపల 24 పెట్టుకోండి, పెద్ద షీట్‌కి రెండు వైపులా కలిపి ఎనిమిది ఏ4 పేజీలు పడితే సరిగ్గా మూడు షీట్లతో అయిపోతుంది.

ఇక రంగులు. ఫోన్ వెలుతురుతో చూపిస్తుంది, మేము సయాన్, మజెంటా, ఎల్లో, బ్లాక్ అనే నాలుగు ఇంకులు కాగితం మీద వేసి చూపిస్తాం. మెరిసే చిలకాకుపచ్చ, నెమలి నీలం, నిండు నారింజ ఈ నాలుగు ఇంకులతో పూర్తిగా రావు, ఎంత ఖరీదైన మెషీన్ మీద వేసినా రావు. కానీ మీ ప్రూఫ్ అంత అన్యాయంగా ఉండక్కర్లేదు. ఫోటో ఆర్‌జీబీ, అంటే స్క్రీన్ రంగుల నుంచి సీఎంవైకే, అంటే ఈ నాలుగు ఇంకుల లెక్కలోకి మారేటప్పుడు రాణీ రంగులోకి కొంచెం సయాన్, కొంచెం బ్లాక్ దూరతాయి, మురికి పట్టినట్టు కనిపించేది అందుకే. ఫోటోషాప్ తెలిసినవాళ్లతో ఆ చీరల వరకు సయాన్, బ్లాక్ తగ్గించమనండి, మజెంటా నిలబడుతుంది. చిలకాకుపచ్చలో మజెంటా తగ్గించాలి. చీరని పక్కన పెట్టుకుని మరీ సరిచేయాలి, స్క్రీన్ చూసి కాదు.

జరీకి మాత్రం ఫోటోలు మళ్లీ తీయాల్సిందే. బంగారు రంగు అని విడిగా ఇంకేమీ వేయం కదా, పసుపూ గోధుమా పక్కన ఒక తెల్లటి మెరుపు పడితేనే కంటికి జరీ అనిపిస్తుంది. ఎదురుగా ఫ్లాష్ కొడితే అంచంతా ఒకే రంగులో చదునుగా వస్తుంది. కిటికీ పక్కన చీరని రెండు మూడు మడతలు వేసి, వెలుతురు పక్క నుంచి పడేలా తీయండి, మడత వంపు దగ్గర మెరుపు దొరుకుతుంది. సన్న గళ్ల చీరలుంటే ఇంకో తలనొప్పి, గళ్లూ ప్రింట్ చుక్కలూ కలిసి లేని అలలు కనిపిస్తాయి, ఆ ఒక్క ఫోటో కాస్త పెద్దగానో చిన్నగానో వేస్తే చాలావరకు పోతుంది. ఫోటోలు వాట్సాప్‌లో పంపేటప్పుడు డాక్యుమెంట్‌గా పంపండి, మామూలుగా పంపితే సైజు తగ్గించేస్తుంది. లోపలికి 130 జీఎస్ఎమ్ (చదరపు మీటరు కాగితం బరువు, గ్రాముల్లో) ఆర్ట్ పేపర్, కవర్‌కి 300 ఆర్ట్ కార్డు చాలు. ప్రూఫ్ కూడా అదే కాగితం మీద అడగండి.

చెన్నై_బొటిక్_పద్మ
కొనేవాళ్ల వైపు నుంచి ఒక మాట అండి. రంగులు ఎంత దిద్దినా నేను పుస్తకంలో రంగు చూసి ఆర్డర్ పెట్టను, ఏ బొటిక్ వాళ్లూ పెట్టరు. నాకు చివరి పేజీలో గుడ్డ ముక్కలు కావాలి, మీరు రెగ్యులర్‌గా నేయించే రంగులవి, ఒక్కోదాని కింద నంబరు. అది ఉంటే ఫోన్లో "ఫలానా అంచు, 7వ నంబరు రంగు, పది చీరలు" అని చెప్పేస్తా.

ఇంకో కష్టం ఏంటంటే చాలా కేటలాగ్‌లలో ఉన్న చీర అడిగితే "అది అయిపోయిందండీ" అంటారు, మరి అచ్చెందుకు వేశారు! మళ్లీ నేయించగలిగినవే వేయండి. ఒక్కో చీర పక్కన నూలు 80 కౌంటా (దారం సన్నదనం లెక్క) కాదా, అంచు ఎన్ని అంగుళాలు, జాకెట్ ముక్క ఉందా లేదా, కనీసం ఎన్ని తీసుకోవాలి, ఎన్ని రోజుల్లో వస్తాయి, ఇవి ఉంటే చాలు. గుంట మగ్గం మీద పడుగు ఎలా ఎక్కిస్తారో చూపించే ఫోటో ఒక్కటి వేయండి, మా కస్టమర్లకి చూపించుకుంటాం. మీ తాతల కాలం చరిత్ర రెండు పేజీలు మాత్రం వద్దండీ ప్లీజ్. రేట్లు పుస్తకంలో వేయొద్దు, నూలు ధర మారితే 500 పుస్తకాలూ స్టిక్కర్లు వేసుకుంటూ కూర్చోవాలి. విడిగా ఒక కాగితం కొట్టించి లోపల పెట్టండి.

ఒత్తు_పొల్లు
పై ఇద్దరూ అన్నీ చెప్పేశారు, డిజైన్ చేసే పాపకి మాత్రం ఇది చెప్పండి. మెరూన్ రంగు మీద తెల్ల అక్షరాలు చిన్న సైజులో పెట్టొద్దు. నాలుగు ఇంకులు వెంట్రుకవాసి పక్కకి జరిగినా ఒత్తులు, సున్నాలు పూడుకుపోతాయి, "అంచు" అని పెడితే "అచు" అని చదువుకోవాల్సి వస్తుంది. చిన్న అక్షరాలు తెల్ల కాగితం మీద ఉత్త బ్లాక్ ఇంకుతోనే వేయాలి. కాన్వాలో దించేటప్పుడు పీడీఎఫ్ ప్రింట్ ఎంచుకుని బ్లీడ్ (కత్తిరించే గీత దాటి కొంచెం బయటికి రంగు వేయడం) టిక్ పెట్టమనండి, లేకపోతే కటింగ్‌లో అంచున తెల్ల గీత కనిపిస్తుంది. తెలుగుకి మండలి ఫాంట్ వాడొచ్చు, ఉచితమే, చదవడానికి హాయిగా ఉంటుంది. ప్రెస్‌లో మళ్లీ అను ఫాంట్లలో (యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంట్లు) టైప్ చేస్తామంటే ఒప్పుకోవద్దు, కొత్త తప్పులు దొర్లుతాయి, మళ్లీ మొత్తం దిద్దుకోవాలి.

మగ్గం_వారిల్లు
అందరికీ చాలా థాంక్స్ అండి! పద్మగారూ, రేట్ల కాగితం మాట మా ఇంట్లో ఇద్దరికీ నచ్చింది, అదే గొప్ప. గుడ్డ ముక్కలు ప్రెస్ వాళ్లే అతికిస్తారా?

ఇంకు_చేతులు
వాళ్లు చేయరండి, చేసినా కూలీ వేస్తారు. వెనక కవర్ లోపలివైపు గళ్లు గీయించి నంబర్లు వేయించండి, బైండింగ్ అయ్యాక ఇంట్లో మీరే అతికించుకోండి. ముక్క పైఅంచుకే గమ్ము రాయాలి, కింద వదిలేస్తే పట్టుకుని చూసుకుంటారు. కవర్ లామినేషన్ బయటవైపు మాత్రమే చేయించండి, లోపల కూడా చేస్తే గమ్ము పట్టదు.