61 రోజుల వేట నిషేధం ఇంకా పెంచాలా, వల కన్ను సంగతి చూడాలా?

లంగరు:
విశాఖ ఫిషింగ్ హార్బర్ దారిలో వలలు, తాళ్లు, బుయ్యలు అమ్మే కొట్లో పని నాది. ఏటా ఏప్రిల్ 15 వచ్చేసరికి వేట నిషేధం మొదలై బోట్లన్నీ జెట్టీకి చేరతాయి, జూన్ 14 దాకా కదలవు. మాకు అప్పుడే గిరాకీ. పాత వలలు విప్పి కొత్తవి కుట్టించుకునే కాలం కదా. ఆ రెండు నెలలూ మా కౌంటరు మీద ఏ కన్ను వల, అంటే ఎంత రంధ్రమున్న వల, ఎక్కువ అమ్ముడవుతుందో చూస్తే నవ్వాలో ఏడవాలో తెలీదు. బోటు వెనక ఈడ్చే ట్రాల్ వల చివర సంచికి అడిగేదెప్పుడూ సన్న కన్నే. కొందరైతే పైకి పెద్ద కన్ను సంచి కట్టి, లోపల సన్న కన్ను వలని అస్తరులా వేయిస్తారు. పై నుంచి చూసినవాడికి అంతా సవ్యంగానే ఉంటుంది.

2015కి ముందు నిషేధం 47 రోజులే. తర్వాత 61 చేశారు. ఇంకా పెంచాలని అనేవాళ్లు ఈ గ్రూపులోనే ఉన్నారు, మొన్న ఇంకో చర్చలో చదివాను. నా ప్రశ్న వేరు. మిగతా 304 రోజులు నీళ్లలోకి ఏ వల దిగుతోంది? మన రాష్ట్రంలో 1994 నాటి సముద్ర వేట నియంత్రణ చట్టం కింద 15 మి.మీ. కంటే చిన్న కన్ను పనికిరాదు. వల లాగి పట్టుకుని ఈ ముడి నుంచి ఆ ముడికి కొలిస్తే 15 అన్నమాట. విప్పి చూస్తే అందులో చిటికెన వేలు దూరదు. గుజరాత్‌లో ట్రాల్ సంచికి 40 మి.మీ. చదరపు కన్ను ఉండాలని రాసుకున్నారు. మనం ఆ 15నే సరిగ్గా చూడటం లేదు.

ఎందుకంటే బోటు కట్టేసి ఉందో లేదో జెట్టీ మీద నిలబడి చూడొచ్చు. వల కన్ను చూడాలంటే బోటెక్కాలి, వల విప్పించాలి, వేలు పెట్టి కొలవాలి. సులువైన నియమం అమలవుతోంది, అవసరమైనది కాగితం మీదే ఉంది. లీటరుకు 9 రూపాయలు డీజిల్ రాయితీ ఇస్తున్నారు కదా, అది తీసుకునే ముందు వల చూపించమంటే ఏం పోతుంది?

పడమటి గాలి:
లంగరు గారూ, సన్న కన్ను అమ్మేది మీరు, తప్పు మాత్రం మాదీనా! నాకు రెండు బోట్లున్నాయి. ఒక్కసారి వేటకి పంపాలంటే డీజిలు, ఐసు, బియ్యం, కూరగాయలు, బోటు నడిపే సరంగుతో కలిపి ఏడెనిమిది మంది మనుషులు. పది పదిహేను రోజులు ఉండొస్తారు. ఆ ఖర్చంతా చందువాలు, పెద్ద రొయ్యలు ఇచ్చేస్తాయి అనుకుంటున్నారా? సగం ట్రిప్పులు డీజిలు డబ్బులు తెచ్చేది దాణా తయారుచేసే ఫిష్ మీల్ ఫ్యాక్టరీకి పోయే చెత్త చేపే. చెప్పుకోడానికి బాగోదు గానీ లెక్క అదే.

పైగా మా రొయ్య మీద ముందే ఒక దెబ్బ పడింది. తాబేలు బయటకి పోయే పరికరం వలలో లేదని 2019 నుంచి అమెరికా మన సముద్రపు రొయ్య కొనడం ఆపేసింది. చెరువు రొయ్యకి ఆ నిషేధం లేదు. నష్టం మాకే. ఇప్పుడు కన్ను కూడా పెద్దది చేసుకోమంటే, రొయ్య వలకి 40 పెడితే రొయ్య మొత్తం జారిపోతుంది, సరంగు ఖాళీ సంచి ఎత్తుకుంటాడు.

నేనొక్కడినే పెద్ద కన్ను పెడితే నేను వదిలిన చేప పక్క బోటువాడికి పడుతుంది. శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా, అటు ఒడిశా ఇటు తమిళనాడు బోట్లతో సహా, అందరికీ ఒకే రోజు పెట్టండి. మర్నాడే మారుస్తా. అది చేతకాక డీజిలు ఆపుతాం అంటే ఒప్పుకోం.

తెప్ప కుర్రోడు:
మీరూ మీరూ ఏటి కొట్టుకుంటారో గానీ మా మాట కూడా ఇనండి. మాది పెదజాలారిపేట. ఫైబర్ తెప్ప, 10 హెచ్‌పీ ఇంజిను. తెల్లారగట్ల ఎల్లి పది గంటలకి ఒడ్డుకొచ్చేస్తాం. మోటారుంది గాబట్టి మాకూ 61 రోజులు బందే. తెడ్డేసుకుని ఎల్లే తెప్పకి లేదంట. ఇప్పుడు తెడ్డేసేవోళ్లు ఎంతమందున్నారు సెప్పండి.

మాది గిల్ నెట్టు. కన్నుకి తగ్గ సేపే మొప్పల కాడ పడతాది, సిన్నది దాటి ఎలిపోద్ది. మేం సముద్రం అడుగు ఊడవం. మరి ఆ అడుగంతా గీకేసుకెళ్లే బోటుకీ మా తెప్పకీ ఒకటే శిచ్చ ఏటి? ఒడ్డు నుంచి 8 కిలోమీటర్లు మాదని అదే చట్టంలో రాసుంది కదా. రాత్రేళ లైట్లార్పేసి వచ్చేస్తారు. తెల్లారి ఎల్లి సూస్తే మా వల ఉండదు. పై తాడు ముక్క, రెండు బెండ్లు తేలతా ఉంటాయి. వల కొత్తది కొనాలంటే మళ్లీ లంగరన్న కొట్టుకే రావాల. ముందు ఆ 8 కిలోమీటర్లు కాపాడి సూపించండి, తర్వాత కన్ను కొలుద్దురు గాని.

లంగరు:
తమ్ముడూ, నీ వల కోసుకుపోయిన మాట నిజమే, ఒప్పుకుంటా. అయితే చేపల గుంపుని మొత్తం చుట్టేసే రింగు వలలు కూడా మీ తెప్పల వాళ్లవే కదా. 2022 జనవరిలో వాటి గొడవతో సముద్రం మీద పడవలు తగలబెట్టుకుని 144 సెక్షన్ పెట్టించుకున్నది మర బోట్ల వాళ్లా?

గాలి గారూ, అవును, అమ్ముతాం. మేం అమ్మకపోతే పక్క కొట్టుంది. మీ పక్క బోటు సంగతి లాంటిదే మాదీ.

తెప్ప కుర్రోడు:
రింగు వల మా ఊళ్లోనే సగం మందికి గిట్టదన్నా. దాని గురించి ఇంకో రోజు మాటాడుకుందాం, ఇక్కడ ఎత్తితే రాత్రి తెల్లారిపోద్ది.

ఉప్పునీరు:
ఆంధ్రా యూనివర్సిటీలో సముద్ర జీవుల మీద పరిశోధన చేస్తున్నాను. తెల్లారి ఐదింటికి హార్బర్‌లో నమూనాలు కొనుక్కునే అమ్మాయిల్లో ఒకదాన్ని, చాలామందికి నా ముఖం తెలిసే ఉంటుంది.

నిషేధం గుడ్లు పెట్టే కాలానికి అంటారు కదా. ఆ కాలం మాకెలా తెలుస్తుందో చెప్తాను. చేప పొట్ట కోసి గుడ్డు సంచి చూస్తాం. లేత చేపలో అది దారంలా వెన్నెముక కింద అంటుకుని ఉంటుంది. పండే కొద్దీ పసుపెక్కి పొట్టంతా నిండుతుంది, గుడ్లు విడివిడిగా కంటికి కనిపిస్తాయి. పెట్టేశాక వదులుగా, కమిలిన ఎరుపులో వేలాడుతుంది. నెలనెలా ఇలా వందల చేపలు కోస్తే ఏ నెలలో ఎన్ని పండి ఉన్నాయో లెక్క వస్తుంది. మన వెచ్చటి సముద్రాల్లో తేలేదేమిటంటే, చాలా రకాలు ఒక్క నెలలో పని ముగించవు. విడతలు విడతలుగా ఏడాదిలో ఎక్కువ భాగం పెడుతూనే ఉంటాయి. ఏ 61 రోజులు ఎంచుకున్నా కొన్నిటికి కలిసొస్తుంది, కొన్నిటికి రాదు.

అలాగని ఈ తేదీలు గాలిలో పుట్టినవీ కావు. వేసవిలో మన తీరం వెంట నైరుతి గాలి వీచినప్పుడు పైనీరు ఒడ్డు నుంచి తొలిగి, అడుగున ఉన్న చల్లటి నీరు పోషకాలతో పైకొస్తుంది. 1950ల్లో అమెరికా నుంచి మా యూనివర్సిటీకి వచ్చిన లాఫాండ్ ఇక్కడే, వాల్తేరు ఎదురుగా ఉన్న సముద్రంలోనే, దీన్ని కొలిచి చూపించాడు. పిల్ల చేపకి మేత దొరికే రోజులు అవి. అప్పుడు ట్రాల్ ఆగడం మంచిదే. నిషేధం తీసేయమని నేననను.

కన్ను విషయంలో లంగరు గారికి ఒక్క మాట చేర్చాలి. సైజు ఒక్కటే కాదు, ఆకారమూ ముఖ్యమే. మామూలు వలలో కన్ను డైమండ్ ఆకారంలో ఉంటుంది. బోటు లాగుతున్నప్పుడు, సంచి బరువెక్కేకొద్దీ, ఆ డైమండ్ సాగి మూసుకుపోతుంది. 40 మి.మీ. అని రాసున్న వల కూడా నీళ్లలో గోడ అయిపోతుంది. అదే వలని తిప్పి చదరంగా కడితే లాగినా కన్ను తెరుచుకునే ఉంటుంది, పిల్ల చేప ఈదుకుంటూ బయటపడుతుంది. మన పాండురంగాపురంలోనే పరిశోధన కేంద్రమున్న సిఫ్ట్ (కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ) వాళ్లు ఈ చదరపు కన్ను గురించి ఏళ్ల తరబడి చెప్తూనే ఉన్నారు.

సంచి లోపల సంచి పట్టుకోవడం కష్టమంటారా, చేపనే కొలవండి. కేరళ 2015లో అదే చేసింది. కానగుర్త (మాకెరెల్) 14 సెం.మీ., కవ్వ (సార్డీన్) 10, సావడ (రిబ్బన్ చేప) 46. అంతకంటే చిన్నది ఒడ్డుకు తేకూడదు. మొదట 14 రకాలకు పెట్టి తర్వాత 58కి పెంచారు. కొలబద్ద ఉంటే చాలు, బోటెక్కనక్కర్లేదు. ఆ 46 సెంటీమీటర్ల సావడ సంగతి గుర్తుంచుకుని రేపు హార్బర్‌కి వెళ్లి చెత్త చేప గుట్టల్లో చూడండి, జానెడు సావళ్లు ఎన్ని ఉంటాయో.

పడమటి గాలి:
మేడమ్, మీరు చదువుకున్నవారు, కాదనను. కానీ చేప వల్లోంచి డెక్ మీద పడేసరికి చచ్చిపోయి ఉంటుంది. జెట్టీలో కొలిచి ఫైన్ వేస్తామంటే సరంగు ఏం చేస్తాడు? చిన్నదంతా అక్కడే సముద్రంలో పారబోసి వస్తాడు. మీ కొలబద్దకి దొరకడు, చేపా బతకదు. పైగా ఇప్పుడు మీకు లెక్కకైనా కనబడుతోంది, అప్పుడు అదీ కనబడదు.

ఉప్పునీరు:
ఆ భయం సబబే. అందుకే కొలబద్ద ఒక్కటే చాలదు, వలతో కలిపి పెట్టాలి. పారబోయడానికి కూడా కూలి, టైము ఖర్చవుతాయి కాబట్టి సన్న కన్ను వాడాలన్న ఆశ తగ్గుతుందని నా లెక్క. మీరన్నట్టు పక్క రాష్ట్రాలు కలిసి రాకపోతే మాత్రం సగం పనే.

పూర్ణామార్కెట్ అప్పయ్యమ్మ కూతురు:
అందరూ కొలతలు చెప్తున్నారు. మా అమ్మ నలభై ఏళ్లు తట్ట మోసింది, ఇప్పుడు నేను ఎండుచేపల కొట్టు చూస్తున్నా. నెత్తళ్లు పెద్దయినా వేలెడే ఉంటాయండీ. అన్ని చేపలకీ ఒకే 40 కన్ను అంటే మేం ఎండబెట్టుకునేది ఏమీ మిగలదు. రాసేవాళ్లు ఒక్కసారి హార్బర్ వెనక మా ఎండబెట్టే గట్టు మీదకొచ్చి చూసి రాయండి. ఏది పిల్లో, ఏది పుట్టుకతో చిన్నదో మా పిల్లలు కూడా చెప్తారు.

ఇంకోటి. నిషేధం డబ్బు ముందు 4 వేలు, తర్వాత 10 వేలు, 2025లో 20 వేలు అయ్యింది. సంతోషం. అది వేటకెళ్లే మగవాళ్ల లెక్కన వస్తుంది. ఆ రెండు నెలలు చేప లేక కూర్చునేది మేమూ కదా. కొందరు చెరువు చేప తెచ్చుకుని అమ్ముతారు. భీమవరం వైపు నుంచి వచ్చిన బొచ్చె, రూప్‌చంద్ మా దగ్గర ఎవరు కొంటారు చెప్పండి, సముద్రపు చేపకి అలవాటుపడ్డ బేరాలు మావి. నిషేధం పెంచాలి అనేవాళ్లు ముందు మా లెక్క రాయించండి.

బీచ్ రోడ్ వాకర్:
వలలూ కాదు, కన్నూ కాదు. పరవాడ, అచ్యుతాపురం వైపు కంపెనీల నీళ్లు సముద్రంలో కలవడం ఆపండి, చేప అదే వస్తుంది.

లంగరు:
అది వేరే పెద్ద గొడవ. దానికీ తిట్టుకుందాం, కొత్త చర్చ పెట్టండి, వస్తాను. కానీ కంపెనీ పేరు చెప్పుకుని సన్న కన్ను సంచి దాచేయడం నేను రోజూ వింటున్న మాటే.

పడమటి గాలి:
అక్క చెప్పిన లెక్కకి ఇంకో లెక్క కలపండి. నా బోట్ల మీద పనిచేసే కళాసీలంతా శ్రీకాకుళం వాళ్లు. పడమటి తీరంలో నిషేధం జూన్ 1 నుంచి జూలై 31 దాకా. మా దగ్గర ఏప్రిల్‌లో బంద్ అవగానే కొందరు గుజరాత్ బోట్లెక్కడానికి వేరావల్ వెళ్లిపోతారు. 2018లో పాకిస్తాన్‌కి చిక్కి 2020 జనవరిలో ఇంటికొచ్చిన మన ఉత్తరాంధ్ర కుర్రాళ్లు అక్కడి బోట్ల మీదున్నవాళ్లే. వెళ్లినవాళ్లలో అందరూ జూన్ 14కి తిరిగిరారు. సరంగు ఉంటే కళాసీ ఉండడు. నిషేధం ఇంకా పొడిగిస్తే మనుషులు అసలు దొరకరు.

జూన్ 15 తెల్లవారుజామున హార్బర్ చూడండి ఒకసారి. ఆరేడు వందల బోట్లు ఒక్క ఛానెల్లోంచి తోసుకుంటూ పోతాయి. మొదటి రెండు మూడు ట్రిప్పులు బాగా పడుతుంది. రేటు మాత్రం పడిపోతుంది, అందరికీ ఒకేసారి పడింది కదా. రెండు నెలల్లో పెరిగిందంతా కొన్ని వారాల్లో ఎత్తేస్తాం. ఇది నేను బోటు యజమానిగానే చెప్తున్నా.

ఉప్పునీరు:
గాలి గారూ, మీ ఈ చివరి పేరా నా థీసిస్‌లో పెట్టుకోవాలనిపిస్తోంది. మీరు నిషేధానికి వ్యతిరేకంగా చెప్పిందే కన్ను పెంచడానికి కారణం. సంచి నిండేది పిల్లలతో కాకుండా ఉంటే ఆ కొన్ని వారాలు కొన్ని నెలలవుతాయి.

తెప్ప కుర్రోడు:
కొలబద్ద పట్టుకొచ్చినోడు ముందు మర బోటు కాడికి ఎల్తాడా, మా బుట్ట కాడికి వస్తాడా? నాకు తెలుసు. మీకూ తెలుసు.

లంగరు:
తమ్ముడూ, అందుకే డీజిల్ రాయితీతో మొదలెట్టమంటున్నా. ఎక్కువ డీజిల్ ఎవరు తాగుతారో వాళ్ల వలే ముందు విప్పాలి.

సరే, మాటలు చాలు. గాలి గారూ, మీకు ఒక సంచి నేనే కుట్టిస్తాను. చదరపు కన్ను, చేపల వలకే, రొయ్య వల జోలికి వద్దు. నూలు డబ్బులు మాత్రం ఇవ్వండి, కుట్టు కూలి మా కొట్టుది. ఉప్పునీరు మేడమ్ వచ్చి మీ రెండు బోట్ల చేపా పక్కపక్కన పోసి కొలుస్తారు, దానిలో చదరపు కన్నుది ఒకటి, మామూలుది ఒకటి.

ఉప్పునీరు:
నేను రెడీ. ఒకే రోజు బయల్దేరి ఒకే చోట వేసిన బోట్లయితేనే లెక్క నిలబడుతుంది, అది సరంగులకి ముందే చెప్పాలి.

పడమటి గాలి:
చదరపు సంచి బోటుకి చేప తక్కువ పడితే ఆ ట్రిప్పు డీజిలు ఎవరు పోస్తారో, కళాసీల వాటా ఎవరిస్తారో ముందు తేల్చండి. తేల్తే మే నెలాఖరుకి నూలు తెచ్చుకుని రండి, రెండో బోటుకి కడదాం.