రెండు కొనలూ సన్నగా ఉండే హవానా చుట్టను చేతితో ఎలా మలుస్తారు?

నమస్కారం. 19వ శతాబ్దంలో ఎంతో ఆదరణ పొంది, తరువాత తిన్నని చుట్టల ముందు వెనుకబడిపోయిన, నడుమ లావుగా కొనలు సన్నగా ఉండే 'ఫిగురాడో' ఆకారాన్ని 1996లో వచ్చిన క్వాబా బ్రాండు తన చుట్టలన్నిటికీ స్వీకరించడం నన్ను ఎంతో ఆకట్టుకుంది. గోదావరి లంకల్లో చుట్టలు చుట్టేవారిని దగ్గరగా చూశాను కాని, ఇంతటి నాజూకైన పనితనం ఎరుగను. పైఆకును 'చావెతా' అనే అర్ధచంద్రాకారపు కత్తితో కోస్తారని తెలుసు. అయితే పొగ ధారాళంగా ఆడేలా లోపలి ఆకులను కొనల వద్ద ఏ క్రమంలో తగ్గిస్తారు? నిప్పంటించే సన్నని కొనపై పైఆకును ఎలా ముగిస్తారు? హవానా కార్ఖానాల్లో ఈ పనిని స్వయంగా చూసినవారు దయచేసి వివరంగా తెలుపగలరు.