ముప్పై ఏళ్ల నాటి బార్బీని పాపకు ఆడుకోవడానికి ఇవ్వొచ్చా?

వైవీస్ట్రీట్_పిల్ల:
ఇంటికి సున్నాలు వేయిస్తున్నారని మొన్న కడప వెళ్లాను. హాల్లో షోకేసు ఖాళీ చేస్తుంటే నా బార్బీ బయటపడింది. 1994లో మామ కువైట్ నుంచి సెలవుకు వచ్చినప్పుడు తెచ్చాడు. గులాబీ గౌను, తెల్ల చెప్పులు, చిన్న దువ్వెన. పెట్టె కూడా ఉంది. మా పాపకు ఆరేళ్లు. చూసినప్పటి నుంచి "నాకివ్వు" అని ఒకటే గోల. అమ్మేమో "ఇన్నేళ్లు దాచింది దాని చేతిలో పెట్టి ముక్కలు చేయించడానికా" అంటోంది. పాత బార్బీలకు మంచి ధర పలుకుతుందని తమ్ముడు అంటున్నాడు. మీరైతే ఏం చేస్తారు? ఇంకో సంగతి, కాళ్లు ముట్టుకుంటే జిగురుగా ఉన్నాయి. ఎందుకో?

పాతసామాన్లు:
ఇవ్వొద్దు మేడమ్. ముందు వీపు కింద ఏ సంవత్సరం ఉందో చూసి చెప్పండి.

వైవీస్ట్రీట్_పిల్ల:
1966 అని ఉంది. మలేసియా అని కూడా ఉంది.

పాతసామాన్లు:
చూశారా! మొదటి బార్బీ అమెరికాలో బయటికి వచ్చిందే 1959 మార్చిలో. మీది అప్పటికి ఏడేళ్ల తర్వాతిది. దాన్ని ఆరేళ్ల పిల్లకు ఇస్తారా? బట్టలో చుట్టి బీరువాలో పెట్టండి.

టేపు_కత్తెర:
అన్నా, అది తయారైన ఏడాది కాదు. ఆ ఒంటి అచ్చు మీద కంపెనీ హక్కు రాయించుకున్న ఏడాది. నడుము దగ్గర తిరిగే ఆ ఒళ్లు 1990ల చివరిదాకా అదే ముద్రతో వచ్చింది. అక్కా, తల వెనక జుట్టు పక్కకు తీసి చూడండి, 1976 అని ఉండొచ్చు. అది ముఖం అచ్చుది. 1966లో పుట్టిన ఒంటికి 1976 తల ఎట్లా అతికిందో పాతసామాన్లు అన్న చెప్పాలి.

కాళ్లు జిగురుగా ఉండటానికి కారణం మన ఎండలే. ప్లాస్టిక్ మెత్తగా వంగాలని కలిపే నూనెలాంటి పదార్థం ఏళ్లు గడిచేకొద్దీ పైకి ఊరుతుంది. కడప వేడికి ఇంకా తొందరగా ఊరుతుంది. గోరువెచ్చని సబ్బు నీళ్లలో గుడ్డ తడిపి తుడిచి, నీడలో ఆరబెట్టండి. మళ్లీ ప్లాస్టిక్ కవర్లో మాత్రం పెట్టొద్దు.

నల్లమల_నీడ:
ఆ నూనెల్లో కొన్ని రకాలను, థాలేట్లు అంటారు, అమెరికా 2008లో పిల్లల బొమ్మల్లో వాడకూడదంది. పాప నోట్లో పెట్టుకోకుండా చూడండి. ఆట అయ్యాక చేతులు కడిగించండి.

వైవీస్ట్రీట్_పిల్ల:
తల వెనక 1976 ఉంది!

పాతసామాన్లు:
తల తర్వాత మార్చి ఉంటారు.

టేపు_కత్తెర:
ఎవరు మార్చారు? కువైట్‌లో వాళ్ల మామ మార్చాడా?

తుంగభద్ర_టీచర్:
మీరిద్దరూ ముద్రల దగ్గరే ఆగిపోయారు. అసలు ఆ బొమ్మ ఆడపిల్ల చేతిలో పెట్టాలా వద్దా అన్నది ప్రశ్న. ఒకసారి దాని పాదాలు చూడండి. చెప్పులు తీసేసినా మడమలు నేలకు ఆనవు. ఎప్పుడూ ఎత్తు మడమల చెప్పుల కోసమే పుట్టినట్టు ఉంటాయి. 1992లో మాట్లాడే బార్బీ వచ్చింది. దానిచేత "లెక్కల క్లాసు కష్టం" అని పలికించారు. గొడవైతే ఆ మాట తీసేశారు. లావుగా, పొట్టిగా, పొడుగ్గా ఉండే ఒళ్లు 2016లో గానీ రాలేదు. యాభై ఏడేళ్లు పట్టిందన్నమాట!

నా సంగతి చెప్తాను. మాది కర్నూలు. మా పిన్ని కూతురికి బార్బీ ఉండేది. సెలవుల్లో అందరం చేరి బొమ్మల పెళ్లి చేసేవాళ్లం. బార్బీ పెళ్లికూతురు. నేను నల్లగా ఉంటానని ప్రతిసారీ నన్ను వంటమనిషిని చేసేవాళ్లు. "బార్బీకి అమ్మ నల్లగా ఉంటుందా?" అని నవ్వేవాళ్లు. ఎనిమిదేళ్ల పిల్లకు ఆ మాట ఎంత లోతుగా దిగుతుందో మీకు తెలియదు. ఇప్పుడు నేను చెప్పేది లెక్కలే, గమనించగలరు.

కొండారెడ్డి_బురుజు:
మా ఇంట్లో బొమ్మలన్నీ 2009 అక్టోబర్ వరదల్లో పోయాయి. ధర గురించి బాధే లేదు 🙂

టేపు_కత్తెర:
టీచరక్కా, మీ బాధ అర్థమైంది. కానీ తప్పు బొమ్మదా, మీ పిన్ని ఇంటిదా? 1965లోనే బార్బీకి వ్యోమగామి బట్టలు కుట్టారు. మనిషి చంద్రుడి మీద దిగడానికి నాలుగేళ్లు ముందు. 1980లో నల్ల బార్బీ వచ్చింది.

తుంగభద్ర_టీచర్:
1980లో వచ్చిందేమో. కర్నూలుకు రాలేదు.

పెన్నా_గట్టు:
ఒక మగాడు బార్బీ బట్టల గురించి ఇంత చదివాడంటే... సరేలే అప్పా, మనకెందుకు.

వైవీస్ట్రీట్_పిల్ల:
దయచేసి గొడవ పడొద్దండీ. నాకైతే ఆ బొమ్మ గురించి అన్నీ మంచి జ్ఞాపకాలే. పండగ రోజు అమ్మ షోకేసు తాళం తీసేది. చేతులు కడుక్కుని కాసేపు ఒళ్లో పెట్టుకోవచ్చు. వీధిలో పిల్లలందరూ చూడటానికి వచ్చేవాళ్లు. పాడు చేస్తారని వాళ్లకు అద్దం బయటి నుంచే చూపించేవాళ్లం.

టేపు_కత్తెర:
అద్దం బయటి నుంచి చూసినవాళ్లలో నేనొకణ్ణి. మీ ఇంట్లో కాదు, అనంతపురం పాతూరులో. పెన్నా_గట్టు అన్నా, నువ్వు కూడా విను.

మా నాన్న టైలర్. జాకెట్లు కుట్టగా మిగిలిన ముక్కలు ఒక గోనెసంచిలో వేసేవాడు. ధర్మవరం పట్టు ముక్క జరీతో సహా దొరికిందంటే విడిగా దాచేవాడు. నాలుగిళ్ల అవతల ఒక ఆఫీసరు కూతురికి బార్బీ ఉండేది. దానికి పట్టు లంగా, జాకెట్టు కావాలని వాళ్లమ్మ చీటీ పంపింది. ఎత్తు పదకొండున్నర అంగుళాలు, నడుము మూడున్నర లోపు అని కొలతలు రాసింది. బొమ్మను పంపమంటే పంపలేదు. "మీ పిల్లలు ముట్టుకుంటారు" అని పనిమనిషితో చెప్పించింది. నాన్న ఆ చీటీ చూసే కుట్టాడు. చేయి దూరలేదని వెనక్కి పంపారు. చంక విప్పి కుట్టాడు. మళ్లీ వెనక్కి. ఆ బొమ్మ బొటనవేలు విడిగా చాచి ఉంటుంది, అది చేతి గుడ్డకు తగులుకుంటుంది. చూడని మనిషికి ఎట్లా తెలుస్తుంది? మూడోసారి డబ్బులు ఇవ్వకుండానే వద్దన్నారు. నాన్న ఎవరినీ ఏమీ అనలేదు. ఆ జాకెట్టు మా మిషన్ సొరుగులో చాలా ఏళ్లు ఉండింది.

ముప్పై అయిదేళ్లు వచ్చాక నా డబ్బుతో ఒక పాత బార్బీ కొన్నాను. నాన్న కుట్టిన జాకెట్టు వెనక వైపు పూర్తిగా కోసి, ప్రెస్ బటన్లు పెట్టి తొడిగాను. సరిపోయింది. కాబట్టి అక్కా, "పాడు చేస్తారని అద్దం బయటి నుంచే" అన్న మాటను మంచి జ్ఞాపకం అనొద్దు. మీ అమ్మకు బొమ్మ కన్నా షోకేసు ముఖ్యం.

పెన్నా_గట్టు:
తప్పయింది అన్నా.

వైవీస్ట్రీట్_పిల్ల:
మా అమ్మ గురించి మీకేం తెలుసు? మామ కువైట్‌లో డ్రైవర్. రెండేళ్లకొకసారి నెల రోజులు వచ్చేవాడు. 2003లో అక్కడే పోయాడు. అతను ఇచ్చినవాటిలో చీరలు చిరిగిపోయాయి, సెంటు సీసాలు అయిపోయాయి, టేప్‌రికార్డర్ చెడిపోయింది. మిగిలింది ఈ బొమ్మ ఒక్కటే. అమ్మ దాన్ని ఎందుకు దాచిందో ఇక్కడ ఎవరికీ వివరించాల్సిన పని లేదు.

తుంగభద్ర_టీచర్:
అయ్యో. ఆ మాట మొదటే చెప్పి ఉంటే నేను పాదాల గురించి అంత రాసేదాన్ని కాదు.

పాతసామాన్లు:
అయితే అస్సలు ఇవ్వొద్దు. పెట్టెతో సహా అట్లాగే ఉంచండి.

వైవీస్ట్రీట్_పిల్ల:
రాత్రంతా ఆలోచించాను. టేపు_కత్తెర అన్న మాటకు కోపం వచ్చింది కానీ, ఒకటి ఒప్పుకోవాలి. మంచి జ్ఞాపకాలు అని నేను రాసినవి బార్బీవి కావు. నేను ఆడుకున్నది పెద్ద దర్గా ఉరుసులో కొన్న ప్లాస్టిక్ బొమ్మతో. లోపలంతా డొల్ల, గట్టిగా లాగితే తల ఊడి వచ్చేది. ఆ మెడలో చింతపిక్కలు పోసి ఆడించేవాళ్లం. పక్కింటి అమ్మాయి బొమ్మకు చేయి లేదు, అదే పెళ్లికొడుకు. పెళ్లి భోజనం బొరుగులు, పప్పులు, బెల్లం. ఎండలో మేడ మీద చేస్తే పెళ్లికూతురి మొహం మెత్తబడి ఒక పక్కకు లొట్టపోయింది, అయినా పెళ్లి ఆపలేదు. షోకేసులో బార్బీ తలంబ్రాలు పోసుకుంటున్నట్టు ఊహించుకునేదాన్ని, నిజంగా పోసింది ఎప్పుడూ లేదు.

పొద్దున అమ్మకు ఫోన్ చేశాను. "మామ నాకు ఆడుకోవడానికే కదా తెచ్చాడు" అన్నాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. "జుట్టు మాత్రం కత్తిరించనివ్వద్దు" అని పెట్టేసింది.

టేపు_కత్తెర:
నిన్న నోరు జారాను అక్కా. అమ్మగారిని అనకుండా ఉండాల్సింది. పాపకు ఏ రంగు ఇష్టమో చెప్పండి, పట్టు లంగా నేను కుట్టి పంపుతా. బొమ్మను పంపాల్సిన పని లేదు, కొలతలు నోటికి వచ్చు.

వైవీస్ట్రీట్_పిల్ల:
ముదురు నీలం అట. జరీ పెద్దది కావాలట. డబ్బులు తీసుకోకపోతే మాత్రం ఒప్పుకోను. కాళ్లు సబ్బు నీళ్లతో తుడిచాను, జిగురు కొంచెం తగ్గింది. బొమ్మ ఇచ్చి గంట కాలేదు, ఎడమ చెప్పు పోయింది. మంచం కింద చూశాం, లేదు. అమ్మకు ఇంకా చెప్పలేదు.

పాతసామాన్లు:
చెప్పు లేకపోతే సగం విలువ పోయినట్టే, 1966 బొమ్మ మరి.

టేపు_కత్తెర:
మళ్లీ మొదలుపెట్టాడు.