అనాథ గ్రూపులో నాథుడెవరు?

కలంపాళీ: యూనిక్స్ అనే కంప్యూటర్ ఆపరేటింగ్ సిస్టమ్ మీద తెలుగులో పాఠం రాస్తూ "ఆర్ఫన్డ్ ప్రాసెస్ గ్రూప్" (అనాథ అయిన ప్రాసెస్‌ల, అంటే నడుస్తున్న ప్రోగ్రాముల, గుంపు) దగ్గర రెండు రోజులుగా ఆగిపోయాను. "అనాథ గ్రూపు" అని రాసినప్పటి నుంచి, చిన్నప్పుడు విన్న శ్లోకపాదం ఒకటి, "అనాథోఽపి వనే విసర్జితః" అన్నది, మనసులో మెదులుతూనే ఉంది. దానికి ముందున్న మాట తిష్ఠతియా, జీవతియా? ఇంకొక సందేహం కూడా ఉంది: పేరెంట్, అంటే సభ్యులను పుట్టించిన ప్రాసెస్, బతికే ఉన్న గ్రూపును అనాథ అనవచ్చునా?

అచ్చుతప్పు: జీవతి; అడవిలో వదిలేసిన అనాథ కూడా బతుకుతాడని అర్థం. తిష్ఠతి అన్నది మొదటి పాదంలో "అరక్షితం" తర్వాత వస్తుంది. మీరు థకారం సరిగ్గా రాశారు, సంతోషం. "అనాధ" అన్న రూపం ఎక్కడ కనబడినా నాకు కష్టంగానే ఉంటుంది.

సీమచింత: దానిని వట్టి ముద్రాదోషమని కొట్టివేయకండి. సంస్కృత క్రియామూలాల జాబితా అయిన ధాతుపాఠంలో నాథృ, నాధృ అని రెండు ధాతువులు పక్కపక్కనే ఉన్నాయి. యాచన, ఉపతాపం, ఐశ్వర్యం, ఆశీస్సు అన్న నాలుగు అర్థాలూ రెండింటికీ సమానమే.

అచ్చుతప్పు: ధాతువు ఉన్నంత మాత్రాన వాడుకలో నామం ఏర్పడదు. జగన్నాథుణ్ణి మీరు జగన్నాధుడని రాయరు కదా!

నల్లబల్ల: అక్షరం కన్నా అర్థం ముఖ్యం. యూనిక్స్ తరహా సిస్టమ్‌లకు ప్రమాణమైన పోజిక్స్ నిర్వచనం ప్రకారం, గ్రూపులోని ప్రతి ప్రాసెస్‌కూ పేరెంట్ ఆ గ్రూపులోనే ఉన్నా, లేక వేరే సెషన్‌లో (ఒక లాగిన్ లేదా టెర్మినల్ విండో కింద నడిచే గ్రూపుల సమూహంలో) ఉన్నా, ఆ గ్రూపు ఆర్ఫన్డ్ అవుతుంది. అంటే అదే సెషన్‌లో, గ్రూపుకు బయట నిలబడి, ఆగిపోయినదాన్ని మళ్లీ లేపగలిగే పేరెంట్ ఒక్కరూ లేరన్న మాట. నిన్న ఒక విండోలో ఫైల్లోకి వరుసగా అంకెలు రాసే స్క్రిప్టును, సిగ్‌హప్‌ను (టెర్మినల్ తెగిపోయిందని చెప్పి, మామూలుగా ప్రాసెస్‌ను ముగించే సిగ్నల్‌ను) లెక్కచేయకుండా ఏర్పాటుచేసి నడిపి, కంట్రోల్-జెడ్‌తో తాత్కాలికంగా ఆపాను. తర్వాత దాని షెల్‌ను, అంటే ఆదేశాలు అందుకుని దాన్ని నడిపిన ప్రోగ్రామును, మరో విండో నుంచి సిగ్‌కిల్ అనే తప్పించుకోలేని ముగింపు సిగ్నల్‌తో తొలగించాను. 41 దగ్గర ఆగిన స్క్రిప్టు ఎవరూ పిలవకుండానే 42 రాసింది. ఇక లేపేవారు లేరు కాబట్టి, సిస్టమ్‌కు గుండె అయిన కెర్నలే ఆ గ్రూపులోని అందరికీ ముందు సిగ్‌హప్, వెంటనే సిగ్‌కాంట్ (ఆగినదాన్ని కొనసాగించే సిగ్నల్) పంపుతుంది. స్క్రిప్టును, సిస్టమ్‌లో అన్నిటికన్నా ముందు మొదలయ్యే ఒకటో నంబరు ప్రాసెస్ దత్తత తీసుకున్నా, దాని సెషన్ వేరు గనుక ఆ దత్తత లెక్కకు రాదు. కాబట్టి ఇక్కడ లేనిది తండ్రి కాదు, నాథుడే. ఇంగ్లీషు మాటకన్నా మన మాటే ఈ భావానికి దగ్గరగా ఉందని నా నమ్మకం.

సీమచింత: అలాగైతే సెషన్‌ను ఏలే షెల్ సంగతేమిటి? దాని పేరెంట్ వేరే సెషన్‌లో ఉంటుంది కాబట్టి, మీ నిర్వచనం ప్రకారం షెల్ ఉన్న గ్రూపు పుట్టుకతోనే అనాథ. అందరికీ నాథుడైనవాడు తాను అనాథ కావడం ఎలా కుదురుతుంది?

అచ్చుతప్పు: ఎందుకు కుదరదు? పోతన గజేంద్రుడు అక్షరాలా అటువంటివాడే. ఆ మంద అంతటికీ అతడే నాథుడు, చుట్టూ ఎన్ని ఏనుగులు ఉన్నా ఒక్కటీ విడిపించలేకపోయింది. "నీవే తప్ప నితఃపరం బెరుఁగ" అన్న మాట గుంపులేనివాడిది కాదు, గుంపుకు బయట దిక్కులేనివాడిది. ఆ "ఇతఃపరం"లో ఎంత బరువుందో గట్టిగా చదివితే గాని తెలియదు. ఇంటిలో మా తాతగారు ఆ పద్యం చదివేటప్పుడు అక్కడే ఊపిరి నిలిపేవారు.

కలంపాళీ: మీరే "దిక్కులేని" అన్నారు. దిక్కులేనివాడికి దేవుడే దిక్కు అన్న మన సామెత ఉండగా, "దిక్కులేని గ్రూపు" అని తెలుగులోనే రాయకూడదా?

నల్లబల్ల: వినడానికి చక్కగా ఉంది, కానీ చదువరి "ఎటు పోవాలో తెలియనిది" అని అర్థం చేసుకోవచ్చు. పైగా "దిక్కులేని" తిట్టుగా వాడుకలో ఉంది. పాఠంలో పేరెంట్ పోయిన ఒక్క ప్రాసెస్‌కూ, గ్రూపుకూ వేర్వేరు మాటలు వాడితే సగం గందరగోళం తీరుతుంది.

సీమచింత: వేర్వేరు మాటలు కావాలంటే దారి ధాతుపాఠంలోనే ఉంది. ప్రాసెస్‌కు ధకారం, గ్రూపుకు థకారం.

అచ్చుతప్పు: దానికి నేను ఒప్పుకోను.