ఫౌండేషన్: అసిమోవ్ మూడో పుస్తకంతో ఆపేయాల్సిందా?

అటక మీది పుస్తకం:
ఐజాక్ అసిమోవ్ రాసిన సైన్స్ ఫిక్షన్ సిరీస్ ఫౌండేషన్ ఏడు పుస్తకాలూ వరసగా మళ్ళీ చదివాను. సూటిగా చెప్పేస్తా, 1953లో వచ్చిన 'సెకండ్ ఫౌండేషన్'తో అసిమోవ్ కలం కింద పెట్టాల్సింది.

చదవనివాళ్ళ కోసం రెండు ముక్కలు. గెలాక్సీ సామ్రాజ్యం కూలిపోతుందని హారి సెల్డన్ అనే లెక్కల మేధావి తేలుస్తాడు. కూలకుండా ఆపలేం గానీ, ఆ తర్వాత వచ్చే 30,000 ఏళ్ళ చీకటిని 1,000 ఏళ్ళకు కుదించొచ్చంటాడు. అందుకోసం ఎక్కడో అంచున, టెర్మినస్ అనే గ్రహం మీద పెట్టిన పండితుల స్థావరమే ఫౌండేషన్.

మొదటి మూడు పుస్తకాల్లో 400 ఏళ్ళు కూడా నడవవు. మిగతా కథ కోసం జనం దాదాపు ముప్ఫై ఏళ్ళు ఎదురుచూశారు. 1982లో 'ఫౌండేషన్స్ ఎడ్జ్', 1986లో 'ఫౌండేషన్ అండ్ ఎర్త్' వచ్చాయి. కథ 500వ ఏటి దగ్గర మొదలై అక్కడే చతికిలబడింది. రెండు లావుపాటి పుస్తకాలు, కాలం ఏడాది కదిలితే గొప్ప! పైగా గయా అని ఒక గ్రహం. మనుషులకీ చెట్లకీ రాళ్ళకీ కలిపి ఒకటే మనసట. గెలాక్సీ అంతా అలాగే అయిపోయేట్టయితే సెల్డన్ అంత లెక్క కట్టింది ఎందుకు?

గోదారి గట్టు:
నూటికి నూరుపాళ్ళు నిజం. పబ్లిషర్లు వెంటపడి రాయించారు. బలవంతపు రాత అలాగే ఉంటుంది మరి. 1988లో వెనక్కి వెళ్ళి సెల్డన్ కుర్రతనం మొదలెట్టాడంటే ముందుకు దారి లేకనే కదా.

లెక్కల మాస్టారు:
గట్టుగారూ, బలవంతంగా రాస్తే చెడిపోతుందన్న మాట దగ్గరే నాకు పేచీ. ఈ సిరీస్‌లో అందరూ నెత్తిన పెట్టుకునే కథ 1945 నాటి 'ద మ్యూల్'. సెల్డన్ ప్రణాళికను తలకిందులు చెయ్యమని పట్టుబట్టింది ఆ కథలు అచ్చేసిన పత్రిక ఎడిటర్ క్యాంప్‌బెల్. అసిమోవ్‌కి అస్సలు ఇష్టం లేదు.

ఆ టైమ్ వాల్ట్ (సెల్డన్ ముందే రికార్డు చేసిపెట్టిన మాటలు వినిపించే గది) ఘట్టం గుర్తు చేసుకోండి. మ్యూల్ అనే శత్రువు ముంచుకొస్తున్నాడు. జనమంతా హాల్లో కూర్చుని ఎప్పుడో చనిపోయిన సెల్డన్ బొమ్మ ఏం చెబుతుందా అని ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. ఆయన ప్రశాంతంగా మొదలెడతాడు. టెర్మినస్‌కీ స్వతంత్ర వర్తకులకీ మధ్య జరిగే గొడవ గురించి! అసలు శత్రువు ఊసే లేదు. అప్పటిదాకా ఒక్క తేదీ తప్పని మనిషి లెక్క తప్పింది. అది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎడిటర్ ఒత్తిడి లేకపోతే ఆ పేజీ ఉండేది కాదు.

రాబోయేది లెక్కగట్టే సెల్డన్ సూత్రం కోట్లమంది గుంపుకే పనిచేస్తుంది, ఒక్క మనిషికి పనిచెయ్యదు. ఆ ఒక్క మనిషి వస్తే ఏమిటన్నది మ్యూల్. అసలు 'ఒక్కొక్క మనిషి' అనేదే లేకుండా చేస్తే ఏమిటన్నది గయా. నాకైతే ఇది అదే ప్రశ్నకు రెండో కొస. గయాలో బతకమంటే నేనూ బతకను, అది వేరే సంగతి.

రాత్రి డ్యూటీ:
మాస్టారూ, మ్యూల్ ఎవరో మాత్రం ఇక్కడ రాయకండి, దండం పెడతా. మా తమ్ముడు ఇప్పుడే రెండో పుస్తకం పట్టాడు. కాలక్రమంలో చదవమని ఎవరో చెబితే 1988 పుస్తకంతో మొదలెట్టి రెండు నెలలు నలిగాడు పాపం.

నేనైతే ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద రెండో పుస్తకం ఒక్కటే దొరికితే దానితోనే మొదలుపెట్టా. మొదటి ఎనిమిది పేజీలు లేవు. అయినా వదల్లేకపోయా.

మజ్జిగ చారు:
మొదటి మూడూ బంగారం అంటున్నారు గానీ, ఆడపిల్లగా చదివి చూడండి. మొదటి పుస్తకంలో గుర్తుండే ఆడమనిషి ఎవరు? ఒక పాలకుడి గయ్యాళి భార్య. ఆమెకూ మెరిసే నగ ఒకటి చూపించి నోరు మూయిస్తారు. మిగతా అంతా మగాళ్ళే, చుట్టలు కాలుస్తూ గెలాక్సీని పంచుకుంటారు.

మూడో పుస్తకంలో ఆర్కడీ వచ్చాకే నాకు ఊపిరాడింది. 14 ఏళ్ళ పిల్ల, మాట చెబితే ముత్యాల్లాంటి చేతిరాతతో రాసిపెట్టే యంత్రం ముందు కూర్చుని స్కూలు వ్యాసం చెబుతుంటుంది. 1949లో రాశాడు ఇది! ఇవాళ మన ఫోన్లు చేస్తున్న పని.

అలాగే, చివరి పుస్తకాన్ని కొట్టిపారేయకండి. 1992లో అసిమోవ్ పోయాక, 1993లో వచ్చింది అది. ముసలి సెల్డన్ తనవాళ్ళను ఒక్కొక్కరినే పోగొట్టుకుంటూ లెక్కలు పూర్తి చేస్తుంటాడు. రాస్తున్నాయన కూడా అప్పటికి జబ్బుమనిషే. కుర్రాడిగా 1941లో కథ మొదలెట్టినవాడు ఆ పేజీలు రాయగలిగేవాడా?

గోదారి గట్టు:
ఆ ఒక్క పుస్తకం వరకూ సరేనమ్మా, వెనక్కి తగ్గుతున్నా.

అటక మీది పుస్తకం:
క్యాంప్‌బెల్ సంగతి ఒప్పుకుంటున్నా మాస్టారూ, ఆ మాట నాకు తట్టలేదు. కానీ మ్యూల్ దెబ్బకి ప్రణాళిక విరిగితే, దాన్ని అతికించడానికి వాళ్ళు పడే పాట్లే కథ అయింది. గయా వచ్చాక అతికించాల్సిన పనే లేదు. కథ ఎక్కడుంది అందులో? 'ఫౌండేషన్స్ ఎడ్జ్' చివరి అధ్యాయాలు మళ్ళీ చదివి ఆదివారం వస్తా. అప్పటిదాకా గొడవ ఉంచండి.