ఇంగ్లీషులో అగాస్ట్ (aghast) అంటే ఏంటండీ, అసలు ఎక్కడ వాడాలి?

నైట్_షిఫ్ట్:
ఒక వెండర్ బిల్లు నాలుగు రోజులు లేటుగా పంపాడండీ, నేను మెయిల్లో ‘ఐ యామ్ అగాస్ట్ ఎట్ ద డిలే’ అని కొట్టేశా, ఎక్కడో చదివిన మాట, బావుంది కదా అని. మా మేనేజర్ సీసీలో చూసి పిలిచి ‘ఏంటమ్మా, ఎవరైనా పోయారా’ అన్నాడు. డిక్షనరీలో నిర్ఘాంతపోయిన అనే ఉంది, మరి తప్పేముంది? హారిఫైడ్, అపాల్డ్, అగాస్ట్ మూడూ ఒకటేనా? పలకడం అగాస్టా అఘాస్టా, మధ్యలో ఆ హెచ్ ఎందుకు?

బడి_పంతులు:
హెచ్ పలకరమ్మా. బ్రిటిష్ వాళ్ళు అ‘గా’స్ట్ అంటారు, అమెరికా వాళ్ళు అ‘గ్యా’స్ట్ అంటారు. భయపెట్టడం అనే అర్థం ఉన్న పాత క్రియ నుంచి వచ్చింది, మొదట్లో స్పెల్లింగులో హెచ్ లేదు, ఘోస్ట్‌ని చూసి తర్వాత ఇరికించారు. ఆ ఘోస్ట్‌లో హెచ్ కూడా అసలుది కాదు, 1476లో ఇంగ్లండ్‌లోని వెస్ట్‌మినిస్టర్‌లో అచ్చు ప్రెస్ పెట్టిన కాక్స్టన్ అంతకుముందు చాలా ఏళ్ళు ఇప్పటి బెల్జియంలోని బ్రూజ్‌లో ఉన్నాడు, అక్కడి ఫ్లెమిష్ రాత అలవాటు వల్ల వచ్చిందంటారు. మనం మళ్ళీ దానికి ‘ఘ’ పెట్టి రాసుకుంటున్నాం, అది వేరే గోల.

ఇక వాడకం. పేరుకి ముందు పెట్టకూడదు, ‘యాన్ అగాస్ట్ మ్యాన్’ అనరు, ‘హి వాజ్ అగాస్ట్’, ‘షి స్టుడ్ అగాస్ట్’ అంటారు. అఫ్రెయిడ్, అస్లీప్ లాగే అన్నమాట. తర్వాత ‘ఎట్’ వస్తుంది, ఆ లెక్కన మీ గ్రామర్ కరెక్టే. బరువే ఎక్కువైంది. ఎదురుగా బస్సు లోయలో పడితే చూస్తున్నవాడు నోట మాట రాక కొయ్యబారిపోతాడు చూడండి, అదీ అగాస్ట్ అంటే. నాలుగు రోజుల లేటుకి ‘డిసప్పాయింటెడ్’ చాలు.

పాత_పుస్తకం:
మూడూ ఒకటి కాదండీ, నాకు వాటిని ఒంటి మీద గుర్తుపెట్టుకోవడం తేలిక. అపాల్డ్ అంటే ముఖం పాలిపోవడం, పాత ఫ్రెంచిలో దానికి తెల్లబడటం అనే అర్థం, పేల్ అన్న మాట కూడా ఆ కుటుంబమే. ఇప్పుడు అందులో ‘ఛీ, ఇదేం పని’ అనే అసహ్యం కూడా ఉంటుంది. హారర్ లాటిన్‌లో వెంట్రుకలు నిక్కబొడుచుకోవడం, మన గగుర్పాటు. తమాషా ఏంటంటే సంస్కృతంలో హర్షం కూడా ఆ మూలం నుంచే అంటారు, రోమహర్షణం అంటాం కదా, మనకి సంతోషం వైపు వెళ్ళింది వాళ్ళకి భయం వైపు వెళ్ళింది. అగాస్ట్‌కి నా ఓటు నివ్వెరపోవడం. వెరపు అంటే భయం, వెరగు అంటే ఆశ్చర్యం, అగాస్ట్‌లో రెండూ ఉండాలి, ఒక్క ఆశ్చర్యమే అయితే అవాక్కవడం సరిపోతుంది.

మిర్చి_బజ్జీ:
ఇంత సీరియస్ ఎందుకు బ్రో, మనం సినిమా బాగుంటే అరాచకం అంటాం, బ్యాటింగ్ బాగుంటే బీభత్సం అంటాం, ఇంగ్లీషోడు టెరిఫిక్ అంటాడు, అదీ ఒకప్పుడు భయంకరం అనే కదా. పది మంది వాడితే అగాస్ట్ కూడా పల్చబడుద్ది.

బడి_పంతులు:
బీభత్సం మాట నిజమే, నవరసాల్లో దాని స్థాయీభావం జుగుప్స, అంటే ఏవగింపు, ఇప్పుడేమో సిక్సర్లకి వాడుతున్నారు (దాన్ని ‘భీ’ అని రాసేవాళ్ళకి మాత్రం క్షమాపణ లేదు). కానీ అగాస్ట్ ఇంకా అంత దాకా రాలేదు బాబూ, అందాకా ఆఫీసు మెయిల్లో పెట్టి ఆ అమ్మాయిని ఇరికించొద్దు.

నైట్_షిఫ్ట్:
థాంక్సండీ అందరికీ, పాలిపోవడం ముక్క ఇక మర్చిపోను. ఇందాకే వెండర్ రిప్లై వచ్చింది: ‘మేడమ్, ఆగస్ట్ బిల్లు ఇంకా రెడీ కాలేదు, పంపింది జులైది, దయచేసి చూసుకోండి’.