సైనస్ ఆపరేషన్‌లో కంటి కండరం తెగితే ఏ చికిత్స మేలు? తెలిసినవారు సలహా ఇవ్వగలరు

నమస్కారం. గుంటూరులో ఉంటున్న మా అక్కయ్యకు ముక్కులో పాలిప్‌లు (మెత్తని కండ పెరుగుదలలు) పెరగడంతో ఇటీవల ఎండోస్కోపీ పద్ధతిలో సైనస్ ఆపరేషన్ చేశారు. మత్తు దిగినప్పటి నుంచి ఆమెకు ప్రతి వస్తువూ రెండుగా కనిపిస్తోంది. కుడి కన్ను బయటి వైపునకు తిరిగిపోయి, ఎంత ప్రయత్నించినా ముక్కు వైపునకు రావడం లేదు. చూపు తగ్గలేదు, అదొక్కటే మాకు ఊరట.

సైనస్‌కూ కంటిగూటికీ మధ్యనున్న ఎముక కాగితమంత పలుచనిదనీ, కణజాలాన్ని కత్తిరించి పీల్చే మైక్రోడిబ్రైడర్ దానిని దాటితే పక్కనే ఉండి కంటిని ముక్కు వైపునకు తిప్పే మీడియల్ రెక్టస్ కండరం దెబ్బతింటుందనీ కంటి వైద్యులు వివరించారు. కండరం కేవలం కమిలితే కొంతకాలం వేచి చూడవచ్చు గానీ, ఎముకలో ఇరుక్కున్నా తెగినా, మచ్చకట్టి బిగుసుకుపోకముందే సరిచేయడం మంచిదట. అక్కయ్యకు తీసిన ఎంఆర్‌ఐలో కండరం మధ్యలో తెగినట్లు, వెనుక భాగం కొంత మిగిలినట్లు కనిపించింది.

ఆ మిగిలిన భాగాన్ని వెతికి కలపాలని ఒక వైద్యుడు, పై కండరాన్నీ కింది కండరాన్నీ జరిపి దాని స్థానంలో పనిచేయించాలని మరొకరు అంటున్నారు. బయటి కండరం కుదించుకుపోకుండా, దానిని తాత్కాలికంగా సడలించే బొటులినమ్ ఇంజెక్షన్ ఇవ్వాలని ఇద్దరూ చెప్పారు. ఒకేసారి ఎక్కువ కండరాలను కదిలిస్తే కంటి ముందు భాగానికి రక్తప్రసరణ తగ్గవచ్చన్న మాట నన్ను భయపెడుతోంది.

ఇటువంటి చికిత్స పొందినవారు, మెల్లకన్ను శస్త్రచికిత్స తెలిసిన వైద్యులు దయచేసి చెప్పండి: ఏ మార్గం ఎంచుకున్నారు? ఎదురుగా చూసేటప్పుడు, చదివేటప్పుడు రెండుగా కనిపించడం ఎంతవరకు తగ్గింది? విజయవాడ తాడిగడపలోని ఎల్‌.వి.ప్రసాద్ నేత్ర వైద్యశాలలో చూపిస్తే సరిపోతుందా, నేరుగా హైదరాబాద్‌కు తీసుకువెళ్లాలా?